నేలలోని గది: తిరుపతి ఇళ్ళలో సెల్లార్‌ను నివాసయోగ్యంగా మార్చుకునే విధానం

తిరుపతిలో సొంత ఇల్లున్నవారికి చుట్టాల రాక ఏడాది పొడుగునా ఉంటుంది. స్వామి దర్శనానికి వచ్చినవారు కొండ ఎక్కే ముందు ఒక పూట, దిగివచ్చాక మరొక పూట మన ఇంట్లోనే ఉంటారు; బ్రహ్మోత్సవాల రోజులలోనూ, వైకుంఠ ఏకాదశికి అటూ ఇటూ కూడా హాలులో చాపలు పరిచినా చోటు చాలదు. అటువంటి ఇంటి కింద పూత లేని గోడలతో, పాత తలుపులూ మిగిలిపోయిన టైల్సు పెట్టెలూ పేర్చిన సెల్లార్ ఒకటి ఉంటే, దానిని గదిగా మార్చుకోవాలన్న ఆలోచన కలగడం సహజం. ఆలోచన మంచిదే. మే నెలలో పై అంతస్తు మిద్దె రాత్రి పదింటికి కూడా సెగ చిమ్ముతూ ఉంటే, మూడు వైపులా మట్టి ఆనుకున్న గది చెప్పుకోదగినంత చల్లగా ఉంటుంది. అయితే ఈ పనిలో ఎంత ఖర్చు పెట్టామన్నదానికంటె ఏ పని ముందు, ఏ పని తరువాత అన్నదే ముఖ్యం. మా ఇంట్లో ఆ వరుస తప్పింది. ఎండాకాలంలో గోడలు పొడిగా కనబడితే రంగులు వేయించి అల్మరాలు బిగించాము. ఆ ఏడాది కార్తీకం ముగిసేలోగా ప్లైవుడ్ అడుగున ఉబ్బింది, రంగు పొక్కులు లేచి పెచ్చులుగా ఊడింది. అన్నీ విప్పి, సరైన వరుసలో తిరిగి చేయించిన పని ఆధారంగా ఈ వివరాలు రాస్తున్నాను.

ముందుగా మాట తేడా ఒకటి గమనించాలి. ఇక్కడి బేల్దారి మేస్త్రీలు బేస్‌మెంట్ అన్నప్పుడు వారి ఉద్దేశంలో అది నేలమట్టం నుంచి గడప వరకు లేపే పునాది కట్టడం. మనం అనుకునే నేలమాళిగను వారు సెల్లార్ అంటారు. కూలి ఒప్పందం మాట్లాడుకునేటప్పుడు, కాగితం మీద కొలతలు రాసుకునేటప్పుడు సెల్లార్ అనే రాయడం మేలు.

అనుమతి, కొలతలు

అపార్ట్‌మెంటులో ఉన్నవారు ఈ ప్రయత్నాన్ని ఇక్కడే ఆపుకోవాలి. అక్కడ సెల్లార్ ఆమోదిత ప్లానులో వాహనాల నిలుపుదలకు చూపిన ఉమ్మడి చోటు. ఫ్లాట్ల యజమానులందరూ సరేనన్నా దానిని గదులుగా మార్చడానికి వీలుండదు. వ్యక్తిగత ఇల్లయితే, ప్లానులో ఆ చోటును దేనికి చూపారో మొదట చూసుకొని, మార్పుకు ఆమోదం అవసరమా అన్నది లైసెన్సు ఉన్న ఇంజనీరు ద్వారా నగరపాలక సంస్థ పట్టణ ప్రణాళికా విభాగంలో గాని, తుడా (తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ) పరిధిలో ఉంటే అక్కడ గాని, చిత్తూరు వైపు అయితే చుడాలో (చిత్తూరు పట్టణాభివృద్ధి సంస్థలో) గాని తేల్చుకోవాలి. గోడ పగలగొట్టిన తరువాత అడగడం కంటె ముందు అడగడానికి అయ్యే ఖర్చు చాలా తక్కువ.

కొలతల విషయంలో 2016 నాటి జాతీయ భవన నిర్మాణ నియమావళిని ప్రమాణంగా పెట్టుకోవచ్చు. దాని ప్రకారం నివాస గదికి కనీసం 9.5 చదరపు మీటర్ల వైశాల్యం, 2.4 మీటర్ల వెడల్పు, 2.75 మీటర్ల ఎత్తు ఉండాలి. సెల్లార్ పైకప్పు చుట్టూ ఉన్న నేలకంటె కనీసం 0.9 మీటరు ఎత్తున ఉండాలి. ఈ చివరి కొలతే అన్నిటికంటె విలువైనది, ఎందుకంటే కిటికీలకు చోటు దొరికేది ఆ మూడడుగులలోనే. పైకప్పు నేలమట్టంతో సమానంగా ఉన్న సెల్లార్‌ను సామాను గదిగా ఉంచుకోవడమే మంచిదని నా అభిప్రాయం. అందులో మనుషులను పడుకోబెట్టరాదు.

ఒక వానకాలం ఆగండి

తిరుపతి, చిత్తూరు ప్రాంతాలలో పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు వరకు, ఈశాన్య రుతుపవనాలతోను, బంగాళాఖాతంలో పుట్టే వాయుగుండాలతోను వస్తాయి. ఏప్రిల్‌లో గోడ మీద చేయి పెట్టి పొడిగా ఉందనుకుంటే పొరబాటు. సెల్లార్‌ను పూర్తిగా ఖాళీ చేసి, ఒక ఈశాన్య వానకాలమంతా అలాగే ఉంచి, నోటు పుస్తకంలో తేదీలు వేసుకుంటూ నీరు ఎక్కడ, ఎప్పుడు, ఎంత కనబడిందో రాసుకోవాలి. ఈ మూడు నెలల ఓపిక మిగిలిన ఖర్చంతటినీ కాపాడుతుంది.

గమనించవలసింది కేవలం నీరు ఉందా లేదా అన్నది కాదు, అది ఎక్కడి నుంచి వస్తున్నది అన్నది. వాన మొదలైన గంటలోనే గోడ పైభాగంలో తడి కనబడితే అది మిద్దె గొట్టం నుంచో, ఇంటి చుట్టూ ఉన్న నేల గోడవైపు వాలడం వల్లనో వచ్చిన పైనీరు. దీనికి మందు బయటే ఉంది. వాన వెలిసిన రెండు మూడు రోజులకు నేలా గోడా కలిసే మూలలో ఊట మొదలైతే అది భూగర్భ జలం. చెరువు కట్టకు దిగువన ఉన్న కాలనీలలోను, ఒకప్పుడు ఆయకట్టు మడులుగా ఉండి తరువాత మట్టి తోలి ప్లాట్లు వేసిన చోట్లలోను ఈ ఊట వారాల తరబడి ఆగదు. వాన లేకపోయినా ఒకేచోట ఎప్పుడూ చెమ్మ ఉంటే అది మన ఇంటి నీరే కావచ్చు. చాలా ఇళ్ళలో నీటి సంపు సెల్లార్ గోడను ఆనుకొనే ఉంటుంది గనుక, రాత్రి మోటారు ఆపి సంపులో నీటిమట్టం దగ్గర సుద్దముక్కతో గీత పెట్టి, తెల్లవారి ఎవరూ నీళ్ళు వాడకముందే చూడండి. గీత కిందికి నీరు దిగి ఉంటే, గోడకు వేల రూపాయల రసాయనాలు పూయించే ముందు సంపు లోపలి పూతను సరిచేయించాలి.

ఇక నాలుగోది, చాలామంది పోల్చుకోలేనిది: గాలిలోని తేమ చల్లటి గోడమీద పట్టే చెమట. దీనిని ఊట నుంచి వేరుచేయడానికి ఒక అడుగున్నర చదరం పాలిథిన్ కాగితాన్ని గోడకు, మరొకదానిని నేలకు పరిచి, నాలుగు అంచులూ గాలి చొరకుండా టేపుతో అంటించి, ఒకటి రెండు రోజులు వదిలివేయాలి. తడి కాగితం వెనుక, అంటే గోడవైపు చేరితే నీరు గోడలోంచి వస్తున్నట్టు. కాగితం ముందువైపు చెమర్చితే అది గదిలోని గాలిది. మొదటిదానికి నీటి కట్టడి కావాలి, రెండోదానికి గాలి కావాలి. ఒకదాని మందు మరొకదానికి పనికిరాదు.

భూగర్భ జలం అనుమానం ఉన్నవారు ఇంటి వెలుపల, గోడకు కొంచెం ఎడంగా, సెల్లార్ నేలకంటె ఒక మీటరు లోతుకు దిగేలా బోరు వేయించి, చిల్లులు పెట్టిన నాలుగంగుళాల పివిసి పైపు దించి మూత పెట్టాలి. వారానికొకసారి దారానికి బరువు కట్టి దించితే నీటిమట్టం తెలుస్తుంది. మేస్త్రీల దగ్గర ఉండే లెవెల్ ట్యూబుతో, అంటే రెండు చోట్ల మట్టం సరిచూసే నీళ్ళ గొట్టంతో, సెల్లార్ నేలమట్టాన్ని ఆ పైపు మీద గుర్తు పెట్టుకుంటే, వానకాలంలో నీరు మన నేలకు ఎంత దిగువన ఆగిందో, లేక ఎంత పైకి లేచిందో సందేహం లేకుండా తేలిపోతుంది.

నీటికి దారి చూపించడం

పనిని బయటి నుంచి మొదలుపెట్టాలి, జనవరి చివర నుంచి మే లోపల ముగించాలి. మిద్దె నీళ్ళ గొట్టాలు గోడ పక్కన నేలమీద విడవకుండా పొడిగించి దూరంగా పోయేటట్లు చేయడం, ఇంటి చుట్టూ మూడడుగుల వెడల్పున కాంక్రీటు బెడ్డు వేసి దానికి బయటివైపు వాటం ఇవ్వడం, కిటికీల ముందు నేలలో ఉన్న గుంతలకు అంచు కట్టడం, సెల్లార్ మెట్ల తలవాకిట ఆరంగుళాల గట్టు లేపడం — ఇవి చిన్న పనులు, ఖర్చు తక్కువ పనులు, కానీ సగం ఇళ్ళలో ఇవే సరిపోతాయని నా నమ్మకం.

ఊట ఉన్న ఇళ్ళకు గోడ బయటి ముఖాన్ని బయటపెట్టి అక్కడే నీటిని ఆపడం ఉత్తమం. కందకం తవ్వి, గోడను కడిగి, సిమెంటు పూత సమం చేసి, దానిమీద జలనిరోధక పొర వేసి, కందకం అడుగున చిల్లుల పైపును ఫిల్టర్ గుడ్డ చుట్టి 20 మిల్లీమీటర్ల కంకరలో పరిచి, మీటరుకు ఒక సెంటీమీటరు చొప్పున వాటం ఇచ్చి పల్లపు చోటికో, ఊట నీటికోసం విడిగా కట్టిన సంపుకో కలపాలి. ఇందులో రెండు ప్రాణాంతకమైన తప్పులున్నాయి. పునాది అడుగుకంటె లోతుగా తవ్వితే పునాది కింది మట్టి జారుతుంది; గోడ పొడుగునా ఒకేసారి తవ్వితే గోడకు ఊతం పోతుంది. కనుక అయిదారు అడుగుల ముక్కలుగా తవ్వి, ఒకటి పూడ్చాకనే మరొకటి తెరవాలి. లోతు 1.5 మీటర్లు దాటితే పక్కల పలకలు బిగించి ఊతం ఇవ్వనిదే కూలీని కందకంలోకి దింపరాదు. తడిసిన మట్టిపెళ్ళ విరిగిపడితే పైకి లాగేంత సమయం కూడా ఉండదు.

పక్కింటి గోడ ఆనుకొని ఉండి బయట తవ్వడానికి చోటు లేనప్పుడు లోపలి నుంచే పని చేయవలసి వస్తుంది. ఇక్కడ గోడ దేనితో కట్టారన్నది చూడాలి. కాంక్రీటు గోడ అయితే పాత పూత తీసి, తేలిన ఉప్పును ఇనుప బ్రష్షుతో రాల్చి, నెర్రెలను గాడిగా చెక్కి పూడ్చి, నీరు కారే చోట పాలియురెథేన్ రసాయనాన్ని గోడలోకి ఒత్తిడితో ఎక్కించి, ఆపైన తడి గోడమీదనే స్ఫటికరూప జలనిరోధక పూతను రెండు దఫాలుగా వేయించవచ్చు. ఆ రసాయనం కాంక్రీటు రంధ్రాలలో స్ఫటికాలుగా పెరిగి దారులను మూస్తుంది. సైజు రాళ్ళతోనో ఇటుకతోనో కట్టిన గోడకు ఈ పూత వేసినా ఫలితం ఉండదు, ఎందుకంటే నీరు రాళ్ళ మధ్య అతుకుల వెంట తిరిగి మరొకచోట బయటపడుతుంది. అటువంటి గోడల విషయంలో నీటితో పోరాడకుండా దానికి దారి చూపించడమే సరైన పద్ధతి: గోడ వెంట నేలలో నాలుగంగుళాల కాలువ తీసి, చిల్లుల మూత వేసి, వాటంగా ఒక మూలనున్న చిన్న సంపుకు చేర్చి, పాత గోడకు రెండంగుళాల ఎడంతో లోపల పలుచటి గోడ ఒకటి కట్టుకోవాలి. గదిలో కొన్ని అంగుళాలు పోతాయి. ఆ నష్టానికి జంకి రాతిగోడ మీదనే రంగులు వేసినవారు మూడేళ్ళకొకసారి తిరిగి వేయిస్తూనే ఉంటారు.

ఆ సంపులో, నీటిమట్టం పెరిగితే దానంతట అదే పంపును నడిపే ఫ్లోట్ స్విచ్ ఉన్న చిన్న సబ్‌మెర్సిబుల్ పంపు, బయటికి వెళ్ళే పైపులో నీరు వెనక్కి రాకుండా వాల్వు ఉండాలి. వాయుగుండం రోజున నీరు ఎక్కువగా వచ్చేదీ, కరెంటు పోయేదీ ఒకే రాత్రి గనుక పంపును దాని బలానికి తగిన ఇన్వర్టర్‌కు కలిపి ఉంచాలి.

కింది నుంచి తోసే నీరు

2021 నవంబరు వరదల తరువాత తిరుపతి కృష్ణా నగర్‌లో ఒక ఇంటి ఆవరణలో, నేలలోకి దించిన సిమెంటు వరల తొట్టి శుభ్రం చేస్తుండగా భూమిలోంచి పైకి లేచివచ్చిన దృశ్యం ఇక్కడివారందరికీ గుర్తుండే ఉంటుంది. వింతగా కనిపించినా దాని వెనుక ఉన్నది ఉత్ప్లవన సూత్రమే. చుట్టూ మట్టి నీటితో నిండిపోయినప్పుడు, నీరు నిండిన తొట్టి తన బరువుతో నిలుస్తుంది, ఖాళీ అయిన తొట్టి పడవవలె తేలుతుంది. సెల్లార్ నేలమీద పనిచేసేదీ ఇదే బలం. ఆరంగుళాల మందం కాంక్రీటు చదరపు మీటరుకు సుమారు 375 కిలోల బరువు ఉంటుంది. బయట నీటిమట్టం ఆ కాంక్రీటు అడుగుకంటె 40 సెంటీమీటర్లు పైకి లేస్తే, కింది నుంచి చదరపు మీటరుకు 400 కిలోల ఒత్తిడి పడుతుంది. నేల మధ్యలో ఉబ్బి నెర్రె ఇవ్వడానికి కారణం ఇదే. పైన టైల్సు ఎంత బాగా అతికించినా ప్రయోజనం ఉండదు. నీటిమట్టం నేలకంటె పైకి వచ్చే ఇళ్ళలో గోడలకు కడ్డీలతో ముడిపడిన కాంక్రీటు పలకను ఇంజనీరు లెక్కకట్టి వేయించాలి, లేదా నేల కింద కంకర పొర పరిచి నీటిని సంపుకు లాగాలి.

దీని నుంచే మరొక జాగ్రత్త పుడుతుంది. ఎప్పుడైనా సెల్లార్ మునిగితే గబగబా నీరంతా తోడివేయకూడదు. లోపలి నీరు బయటి ఒత్తిడికి ఎదురు నిలిచి గోడలను, నేలను కాపాడుతూ ఉంటుంది. వీధిలో నీరు తీసేదాకా ఆగి, ముందు మీటరు దగ్గరే కరెంటు ఆపించి, రోజుకు ఒక అడుగు చొప్పున తోడాలి. గోడమీద గుర్తు పెట్టి, మరునాటికి మట్టం తిరిగి పెరిగి ఉంటే ఇంకా తొందరపడరాదు.

ఎత్తు, కిటికీలు, గాలి

ఎత్తు చాలలేదని నేల తవ్వి దించడం తరచుగా వినబడే సలహా. పునాదులు ఎంత లోతున ఉన్నాయో తెలియకుండా ఆ పని చేస్తే ఇల్లు మొత్తం ప్రమాదంలో పడుతుంది. అలాగే మట్టిని ఆపి నిలబడిన గోడలో కిటికీ కోయడం మామూలు గదిలో కిటికీ కోయడం వంటిది కాదు. కిటికీ పైన బరువు మోసే లింటెల్, పక్క కడ్డీలు, మిగిలిన గోడ బలం అన్నీ స్ట్రక్చరల్ ఇంజనీరు కాగితం మీద చూపించిన తరువాతనే గోడమీద సుత్తి పడాలి.

కిటికీల మొత్తం వైశాల్యం నేల వైశాల్యంలో కనీసం పదోవంతు, చెమ్మ ఎక్కువ ఉండే చోట ఆరోవంతు ఉండాలి. 3.6 మీటర్ల వెడల్పు, 4.5 మీటర్ల పొడవు ఉన్న గదికి పదోవంతు అంటే 1.6 చదరపు మీటర్లు. ఎదురెదురు గోడలలో రెండు ఉంటే మంచిది. పడక వేసే గదిలో ఒక కిటికీ అయినా మనిషి బయటపడేంత పెద్దదిగా, లోపలి నుంచి తెరుచుకునే ఇనుప గ్రిల్లుతో ఉండాలి, ఎందుకంటే నిప్పు అంటుకుంటే మెట్లదారి పొగగొట్టమవుతుంది. అదే గది ఎత్తు 2.75 మీటర్లు అయితే లోపలి గాలి సుమారు 45 ఘనపు మీటర్లు. గంటకు ఆరుసార్లు మారాలంటే 270 ఘనపు మీటర్ల గాలి లాగే ఎగ్జాస్ట్ ఫ్యాను కావాలి, దానికి ఎదురుగా గాలి వచ్చే దారీ ఉండాలి. అయితే వాన కురుస్తున్నప్పుడు కిటికీలు బార్లా తెరిస్తే బయటి తేమే లోపలికి వచ్చి చల్లటి గోడమీద చెమర్చుతుంది. తేమను చూపే చిన్న మీటరు ఒకటి గోడకు తగిలించి, అది 60 శాతం దాటకుండా చూసుకుంటే బూజు పట్టదు.

గ్యాస్ సిలిండరును సెల్లార్‌లో ఉంచరాదు. వంటగ్యాసు గాలికంటె బరువైనది. కారితే కిటికీలోంచి పోదు, నేలమట్టాన పేరుకొని నిప్పురవ్వ కోసం వేచి ఉంటుంది. పై వంటింట్లో కారిన గ్యాసు కూడా మెట్ల మీదుగా కిందికి దిగగలదు. కనుక ఇక్కడ వంటగది పెట్టాలన్న కోరికను విడిచిపెట్టి, టీ పెట్టుకోవడానికి కరెంటు కెటిల్‌తో సరిపెట్టుకోవాలి. జనరేటరు కూడా ఇక్కడ నడపరాదు. దాని పొగలోని కార్బన్ మోనాక్సైడుకు వాసన లేదు.

స్నానాలగది కావాలనుకునేవారు ముందు లెవెల్ ట్యూబుతో వీధి మ్యాన్‌హోలు మూత ఎత్తును చూడాలి. వీధి మురుగు పొంగితే అది ఆ మూత ఎత్తుదాకా వెనక్కి రాగలదు, సెల్లార్ మరుగుదొడ్డి అంతకంటె దిగువన ఉంటే నీరు మొదట బయటపడేది అక్కడే. చుట్టాలకు పై అంతస్తు స్నానాలగదినే చూపించడం మంచిది.

వైరింగు, చెదలు, ముగింపు పనులు

విద్యుత్ బోర్డు పై అంతస్తులో ఉండాలి, తీగలు పైకప్పు నుంచి కిందికి దిగాలి, సాకెట్లు నేలకు కనీసం మీటరు ఎత్తున ఉండాలి. సెల్లార్ లైను మొత్తానికి 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సిసిబి (కరెంటు లీకైతే వెంటనే లైను ఆపివేసే స్విచ్) తప్పనిసరి. మెట్టు ఎత్తు 19 సెంటీమీటర్లు మించకుండా, అడుగు పెట్టే చోటు 25 సెంటీమీటర్లకు తగ్గకుండా ఉంటే పెద్దవాళ్ళు మెట్ల పక్క కమ్మీ పట్టుకొని దిగగలుగుతారు.

చెదలమందు నేల పరచడానికి ముందే పెట్టించాలి. గోడా నేలా కలిసే మూల వెంట అడుగుకొకటి చొప్పున 12 మిల్లీమీటర్ల రంధ్రాలు వేసి మందు పోసి మూసివేస్తారు. సంపు, బోరు దగ్గరగా ఉంటే ఆ సంగతి పనివారికి ముందే చెప్పాలి.

నేలకు 250 మైక్రాన్ల పాలిథిన్ పరిచి, దానిమీద బెడ్డు వేసి, కడప బండలు గాని విట్రిఫైడ్ టైల్సు గాని వేయడం మంచిది. చెక్క లామినేట్ వద్దు. జిప్సం, పిఓపి పలకలు గోడ కింది భాగంలో వాడరాదు, అవి చెమ్మను దీపపు వత్తివలె పీల్చుతాయి. పూత ఆరిన వెంటనే ప్లాస్టిక్ ఎమల్షన్ వేస్తే లోపలి తేమ దాని వెనుక చిక్కుకొని పొక్కులు లేస్తాయి గనుక, మొదటి ఏడాది సున్నం వేసి వదిలిపెట్టండి. సున్నం గోడను ఊపిరి తీసుకోనిస్తుంది, గదికి వెలుగూ ఇస్తుంది. అల్మరాలకు ఐఎస్ 710 (భారతీయ ప్రమాణం) గుర్తున్న మెరైన్ ప్లైవుడ్ వాడి, గోడకు రెండంగుళాలు, నేలకు నాలుగంగుళాలు ఎడం ఉంచాలి.

గది సిద్ధమయ్యాక ఏటా సెప్టెంబరులో, బ్రహ్మోత్సవాల చుట్టాలు దిగకముందే ఒక పూట దీనికి కేటాయించుకోవాలి. కాలువ మూతలు ఎత్తి మట్టి తీయించి, బయటి పైపులో నీటిమట్టం కొలిచి రాసుకొని, కరెంటు మెయిను ఆపి ఇన్వర్టర్ మీదనే ఉంచి, సంపులో పది బకెట్ల నీళ్ళు గుమ్మరించి, ఫ్లోట్ పైకి లేచి పంపు దానంతట అదే మొదలై నీరు వీధి కాలువలో పడేదాకా పక్కనే నిలబడి చూడాలి.